తాతయ్య రాసిన కవరు 1944లో తిరిగొచ్చింది, ఎనభై ఏళ్ళుగా మూసే ఉంది. ఇప్పుడు తెరవొచ్చా?

పాతపెట్టె:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. అడగాల్సింది ఒక్కటే గానీ, వెనకాల సంగతి చెప్పకపోతే ఎందుకు అడుగుతున్నానో తెలియదు.

మా తాతయ్య (నాన్న నాన్నగారు) ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ఆనర్సు చదివారు. 1941లో వాల్తేరులో చేరారు, 1944లో గుంటూరులో ముగించారు. యూనివర్సిటీ మారలేదు, ఊరు మారింది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో జనం ఇళ్ళకు తాళాలు వేసి పల్లెలకు పోయారు. వాల్తేరులోని యూనివర్సిటీ భవనాల్లో మిలటరీ దిగింది. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన హయాంలోనే యూనివర్సిటీని గుంటూరుకు తరలించారు. సముద్రం పక్కన మొదలుపెట్టిన చదువు గుంటూరు ఎండల్లో పూర్తయిందని తాతయ్య అనేవారట.

పోయిన డిసెంబరులో పాతిల్లు అమ్మేశాం. అటక మీంచి ఒక ట్రంకుపెట్టె దించాం. తాళం లేదు, గొళ్ళేనికి పురికొస కట్టి ఉంది. లోపల పైన ఒక పాత పంచె పరిచి, దాని కింద ఇవి ఉన్నాయి: ఒకే మనిషి తాతయ్యకు రాసిన 17 కార్డులు, 12 ఉత్తరాలు. మెరిసే ఎర్రటి గుండ్రటి డబ్బా ఒకటి, చేత్తో పట్టుకుంటే అట్టముక్కంత తేలిక. నల్ల కాగితంతో అట్టలు వేసిన నాలుగు నోటు పుస్తకాలు. ఒక చిల్లు కాణీ. అన్నిటికన్నా అడుగున, విడిగా, తెల్ల గుడ్డలో చుట్టిన ఒక కవరు.

ఉత్తరాలు రాసినాయన తాతయ్యకు హాస్టల్లో గదిమిత్రుడు. పేరు ఇక్కడ రాయను, ఎందుకో చివర్న తెలుస్తుంది. వాళ్ళది రంగం (బర్మాలోని రంగూన్) కుటుంబం. 1942 మార్చిలో రంగం జపాను వాళ్ళ చేతికి పోయినప్పుడు ఇంట్లో వాళ్ళు దొరికిన దారిన బయల్దేరి వచ్చేశారు. వాళ్ళ నాన్నగారు మాత్రం రాలేదు. ఆ ఏడాదే ఈయన చదువు మధ్యలో ఆపి మిలటరీలో చేరారు. ఫిజిక్స్ చదువుతున్న కుర్రాడు కాబట్టి సిగ్నల్స్‌లో, వైర్‌లెస్ పనిలో వేశారు. ఇంటికి నెలనెలా డబ్బు పంపాలి కదా, అందుకే వెళ్ళానని మొదటి ఉత్తరంలోనే రాశారు.

ఉత్తరాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఏరా అని మొదలవుతాయి. ఊరి పేరుండాల్సిన చోట ఒక అంకె. రెండు ఉత్తరాల్లో కొన్ని మాటలను మిలటరీ సెన్సారు వాళ్ళు బ్లేడుతో కోసేశారు, అగ్గిపెట్టె లేబులంత కిటికీలు. కోసినవాళ్ళకు అక్కర్లేకపోయినా వెనక వైపున్న మాటలు కూడా ఆ ముక్కతోనే పోయాయి. ఒక చోట వాళ్ళమ్మ గురించి ఏదో చెబుతున్న వాక్యం సగంలో ఆగిపోయింది. మిగతావన్నీ మామూలు కబుర్లు. వానలు, జలగలు, కరివేపాకు వేయని పప్పు. ఆప్టిక్స్ ఎంతవరకు చెప్పారు, ఎవరు చెబుతున్నారు, నోట్సు దాచి ఉంచు, వచ్చాక పూర్తి చేస్తాను అని కనీసం ఐదు ఉత్తరాల్లో ఉంది.

ఆ నాలుగు నోటు పుస్తకాలు అవేనండీ. మొదట తాతయ్య సొంత పుస్తకాలు అనుకున్నాను. తెరిస్తే లోపల చీటీ మీద ఆయన స్నేహితుడి పేరుంది, రాత తాతయ్యది. క్లాసులో రాసుకున్న గజిబిజి నోట్సు కాదు, ఇంటికొచ్చి మళ్ళీ శుభ్రంగా ఎత్తి రాసింది. కటకాల బొమ్మలన్నీ స్కేలు పెట్టి గీశారు. మొదటి మూడు పుస్తకాలు నిండాయి. నాలుగోది 31వ పేజీలో ఆగిపోయింది.

1944 జనవరి ఉత్తరంలో ఆయన ఒక చిన్న కోరిక కోరారు. కాణీకి చిల్లు పెట్టి వదిలారట కదా, మా దగ్గర ఎవరూ చూడలేదు, ఒకటి కవర్లో పెట్టి పంపరా అని. మార్చిలో ఒక అచ్చు కార్డు వచ్చింది. ముందే వాక్యాలు అచ్చేసి ఉంటాయి, అక్కర్లేనివి కొట్టేయాలి. ఆసుపత్రిలో చేరాను అన్న లైన్లన్నీ కొట్టేసి, బాగున్నాను అన్నది ఉంచి, కింద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

ఇక తెల్ల గుడ్డలో ఉన్న కవరు. దాని మీద తాతయ్య రాత, స్నేహితుడి మిలటరీ చిరునామా, ఆరో జార్జి స్టాంపులు. గుంటూరు ముద్ర 1944 ఏప్రిల్. వెనక ఏవేవో ముద్రలు, పెన్సిలు గీతలు, చిరునామా మీద అడ్డంగా కొట్టేసిన గీత. తిరిగొచ్చిన ముద్ర సెప్టెంబరుది. కవరు అంటించింది అంటించినట్టే ఉంది. తాతయ్య దాన్ని తెరవలేదు. రాసింది ఆయనే కాబట్టి లోపల ఏముందో తెలుసు, తెరవాల్సిన పని లేదు అని మా తమ్ముడి వాదన. నాకు మాత్రం అంత తేలిగ్గా తోచడం లేదు. చించి పారేయకుండా, చదువుకోకుండా, 45 ఏళ్ళు గుడ్డలో చుట్టి ఉంచారు. తాతయ్య 1989లో పోయారు. నానమ్మకు కూడా దీని సంగతి చెప్పలేదట.

నా ప్రశ్న ఇదే. తెరవొచ్చా? తెరిస్తే ఎలా? తెరవకపోతే ఎవరికి ఇవ్వాలి? నాన్నకు 73. ఆయన ఏమీ అనడం లేదు, రోజూ ఒకసారి గుడ్డ విప్పి చూసి మళ్ళీ చుట్టేస్తున్నారు.

ఇంకో సంగతి. తొందరపడి రెండు ఉత్తరాలు ఒక షాపులో లామినేషన్ చేయించాం. అది మంచిది కాదని తర్వాత ఎవరో అన్నారు. దానికేమైనా చేయగలమా?


స్టాంపులపిచ్చి:

అమ్మా, తపాలా శాఖలో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. యుద్ధకాలం కవర్లు సేకరిస్తాను కూడా. మీ కవరు గురించి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా హక్కు సంగతి. చేరని ఉత్తరం పంపినవాళ్ళదే. అందుకే మీ తాతగారికి తిరిగొచ్చింది. ఇప్పుడు మీ నాన్నగారిది. తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మనసు ఒప్పుకోవడం వేరే సంగతి.

ఊరి పేరు బదులు అంకె ఉండటం గురించి: అది ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు. సైన్యం ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదని ఊరి పేరు రానివ్వరు. ఇప్పటికీ మనం జవాన్లకు 56 ఏ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏ.పి.ఓ. అనో రాస్తామే, ఆ పద్ధతే. ఏ నెలలో ఏ నంబరు పోస్టాఫీసు ఎక్కడుందో సేకరణ చేసేవాళ్ళు పట్టికలు తయారుచేసి పెట్టుకున్నారు. కాబట్టి ఆ 29 ఉత్తరాల మీదున్న నంబర్లు, తేదీలు ఒక కాగితం మీద వరసగా రాయండి. ఆయన తిరిగిన దారి బయటపడుతుంది. బ్లేడుతో కోసేసిన ఊరి పేర్లు కూడా చాలావరకు అలా తెలుసుకోవచ్చు.

తిరిగొచ్చింది కదా అని మనిషి పోయినట్టేనని అనుకోకండి. యూనిట్ మారినా, ఆసుపత్రికి పంపినా, దారి తెగిపోయినా ఉత్తరాలు నెలలకొద్దీ తిరిగి వెనక్కి వస్తాయి. ఆ ఏడాది మార్చిలో జపాను సైన్యం బర్మా సరిహద్దు దగ్గరున్న ఇంఫాల్ వైపు దూసుకొచ్చి రోడ్డు కోసేసింది. జూన్ చివర్లో గానీ ఆ దారి మళ్ళీ తెరుచుకోలేదు. మీ తాతగారు ఏప్రిల్లో పోస్టు చేశారు. వెనక వైపు ప్రతి ముద్రనూ భూతద్దంతో చూడండి, పెన్సిలు గీతలను వదలకండి. గుమాస్తా చేత్తో రాసిన రెండక్షరాలు ముద్ర కన్నా ఎక్కువ చెబుతాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆవిరి పట్టి తెరవొద్దు. సిరా కారిపోతుంది, స్టాంపు ఊడొస్తుంది. ముందు చీకటి గదిలో కవరు వెనక చిన్న ఎల్ఈడీ టార్చి పెట్టి చూడండి. లోపల ఎన్ని మడతలున్నాయో, ఇంకేమైనా ఉందో తెలుస్తుంది.


గోదారిగట్టు:

రంగం అన్న మాట చూసి ఆగిపోయానండీ. మా అమ్మమ్మ వాళ్ళూ 1942లో అలా వచ్చినవాళ్ళే. ఈ తరం పిల్లలకు రంగం అంటే రంగూన్ అని విడమర్చి చెప్పాల్సి వస్తోంది. మా చిన్నప్పుడు ఊళ్ళో ప్రతి రెండో ఇంట్లో రంగం పోయొచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు.

మీ ఎర్ర డబ్బా బర్మా లక్క డబ్బా. మా ఇంట్లోనూ ఒకటుంది. సన్నటి వెదురు బద్దలతో బుట్ట అల్లి, దాని మీద పొరలు పొరలుగా లక్క పూసి ఆరబెడతారు. అందుకే అంత తేలిక. పగాన్ వైపు చేసేవి బాగా పేరున్నవి. మూత తీస్తే లోపల తట్టలా ఇంకో అర ఉంటే అది తమలపాకుల డబ్బా. వాళ్ళమ్మగారు చేత్తో పట్టుకొచ్చిన నాలుగు వస్తువుల్లో ఒకటై ఉంటుంది. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు దాన్ని కొడుకు స్నేహితుడికి ఇచ్చారంటే మీ తాతగారిని ఎంత కావాల్సిన మనిషిగా చూసుకున్నారో ఆలోచించండి.

ఆయన ఏమయ్యారో వెతకడానికి ఒక దారి ఉంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైటులో యుద్ధంలో పోయినవాళ్ళ జాబితా ఉచితంగా వెతుక్కోవచ్చు. బర్మా యుద్ధంలో సమాధి తెలియనివాళ్ళ పేర్లు రంగూన్ మెమోరియల్ మీద చెక్కారు, దాదాపు 27,000 పేర్లు. అది యాంగోన్‌కు (రంగూన్ ఇప్పటి పేరు) ఉత్తరాన తౌక్యాన్ శ్మశానంలో ఉంది. మన హిందువుల, సిక్కుల పేర్లు వేరేచోట కూడా చూడాలి. దహనం చేసినవాళ్ళ పేర్లు కోహిమాలో ఒక స్మారకం మీద 917, ఇంఫాల్లో ఒకదాని మీద 868 ఉన్నాయి. ఇంటిపేరుతో వెతికితే దొరకరు. అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగు ఎలా పడితే అలా ఉండేది. పేరును నాలుగైదు రకాలుగా మార్చి కొట్టండి, రెజిమెంట్ దగ్గర ఇండియన్ సిగ్నల్ కోర్ అని పెట్టండి. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి.


ఇప్పటిమాట:

తెరవండి. రాసిన మనిషి లేరు, అందుకోవాల్సిన మనిషి కూడా లేకపోవచ్చు. మీ నాన్నగారికి 73 అంటున్నారు. ఆయన చూడాలి కదా, ఆయన తండ్రి ఉత్తరం. మర్యాద కోసం దాచి దాచి చివరికి ఎవరూ చదవకుండా చెదలు తింటే ఏం ప్రయోజనం?


కాగితంమనిషి:

పాత కాగితాల మరమ్మతు నా వృత్తి. పాతపెట్టె గారూ, ముందు లామినేషన్ సంగతి. వేడి చేసి అతికించిన ప్లాస్టిక్‌ను ఇంట్లో విడదీయలేం. అంచులు కత్తిరించొద్దు, గాలి దూరి ఇంకా చెడుతుంది. ఆ రెండూ అలాగే చీకట్లో ఉంచండి, మంచి ఫోటోలు తీయండి. మిగతా 27 బాగున్నాయి కదా, వాటిని చూసుకుందాం.

గుండుసూదులు తుప్పు పట్టి ఉంటే లాగకండి. సూది కింద, కాగితానికీ దానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క జరిపి, నెమ్మదిగా పైకెత్తి తీయాలి. చిరిగినచోట సెల్లోటేపు వేయొద్దు. పాత స్కూలు సిరాలు నీళ్ళు తగిలితే చాలు పోతాయి, తడి గుడ్డ దగ్గరికి రానీయకండి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. ఆమ్లం లేని కాగితంలో విడివిడిగా పెట్టండి. షాపుల్లో దొరికే పీవీసీ కవర్లు వద్దు, అవి కొన్నాళ్ళకు అంటుకుంటాయి. కలరా ఉండలు కాగితాల మధ్య పడేయకండి. ఎండిన వేపాకు మలుగుడ్డలో కట్టి పెట్టెలో ఓ మూల ఉంచడం మన పెద్దవాళ్ళ పద్ధతి, దానికి నాకే అభ్యంతరమూ లేదు, కాగితానికి మాత్రం తగలకూడదు. ఇనప ట్రంకు మాత్రం మార్చేయండి.

ఫోటోలు తీసేటప్పుడు ప్రతి కాగితాన్నీ రెండు వైపులా, కిటికీ వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీయండి. తర్వాత దీపాన్ని పక్క నుంచి వాలుగా వేసి ఇంకోసారి తీయండి. మాసిపోయిన పెన్సిలు రాత ఆ వాలు వెలుగులో పైకి తేలుతుంది.

కవరు తెరవాలా వద్దా అన్నది నేను చెప్పగలిగేది కాదు. తెరిస్తే మాత్రం అంటించిన చోట కాదు, పై అంచున సన్నటి ఎముక చాకుతో మడత వెంట తెరవాలి. అంటించింది అంటించినట్టే మిగులుతుంది.


అరండల్‌పేట:

మా అమ్మ గుంటూరు. యూనివర్సిటీ వచ్చినప్పుడు ఆవిడకు పదకొండేళ్ళు. ఆవిడ నోటి వెంట విన్నది చెబుతాను. ఊళ్ళో ఉన్నట్టుండి ఉత్తరాంధ్ర యాస వినపడటం మొదలైందట. అద్దెకు గదులు దొరకడం కష్టమైంది. అరుగుల మీద కూర్చుని చదువుకునే కుర్రాళ్ళు రాత్రి కిరసనాయిలు అయిపోతే పక్కింటి వాళ్ళను అడిగేవాళ్ళు. ఆ కిరసనాయిలూ అంతంతమాత్రమే. ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది. 12న తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు పోయారు. గుంటూరుకు ఆ కబురు సాయంత్రానికే చేరిందనీ, ఆ రాత్రి మా తాత ఎవరినీ గడప దాటనివ్వలేదనీ అమ్మ చెప్పేది.

మీరు నల్ల కాగితం అట్టలు అన్నారే, అది బ్లాకౌట్ కాగితం అయ్యుంటుంది. రాత్రి వెలుతురు బయటికి కనపడకుండా కిటికీ అద్దాలకు అంటించేవాళ్ళు. ఒకసారి పుస్తకం మీంచి అట్ట విప్పి లోపలి వైపు చూడండి. మైదా జిగురు మరకలు, అద్దం చట్రం గీతలు ఉంటే అదే. కాగితం దొరకని రోజుల్లో దేన్నీ పారేసేవాళ్ళు కాదు.

ఇంకో మాట. మీ తాతగారి మీద స్నేహితుడి కుటుంబం పెట్టుకున్న నమ్మకం చూస్తే, నాకైతే కవరు ఆ ఇంటివాళ్ళ ముందు తెరవాలనిపిస్తోంది. నాలుగు నోటు పుస్తకాలు కూడా వాళ్ళవే కదా, పేరు వాళ్ళబ్బాయిదే రాశారు.


పాతపెట్టె:

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజులుగా ఇదే పని మీద ఉన్నాను.

అరండల్‌పేట గారూ, మీరు చెప్పింది నిజం. రెండో పుస్తకం అట్ట దానంతట అదే ఊడి ఉంది, లోపల చూశాను. నాలుగు అంచుల వెంట పసుపుపచ్చటి జిగురు చార, ఒక మూల కిటికీ చిలుకు ఉన్నచోట అర్ధచంద్రంలా కోసిన గుర్తు. కిటికీకి అంటించిన కాగితాన్ని పీకి పుస్తకానికి వేశారు. అది వాల్తేరు హాస్టలు కిటికీదా, గుంటూరు గదిదా అని నాన్న రెండు రోజులుగా అంటున్నారు. తేలే సంగతి కాదు గానీ ఆయన మాట్లాడుతున్నారు, అది చాలు నాకు.

గోదారిగట్టు గారూ, డబ్బాలో లోపల అర ఉంది. దాని అడుగున సున్నం మరక ఇంకా అలాగే ఉంది.

స్టాంపులపిచ్చి గారూ, రాత్రి కరెంటు తీసేసి, కవరు వెనక టార్చి పెట్టి చూశాం. నాన్న, నేను, తమ్ముడు. లోపల మూడు మడతల కాగితం. కుడివైపు కింద నల్లగా గుండ్రంగా ఏదో ఉంది. ముందు ముద్ర నీడ అనుకున్నాను. నాన్న టార్చి కొంచెం జరిపారు. ఆ నలుపు మధ్యలోంచి వెలుగు గుండ్రంగా బయటికొచ్చింది. చిల్లు. దాని చుట్టూ సన్నటి దారం గీత, కాణీ జారిపోకుండా దారంతో కాగితానికి కట్టినట్టున్నారు.

ఆయన అడిగింది తాతయ్య పంపారు. చేరలేదు.

పెట్టెలో ఉన్న ఇంకో కాణీ సంగతి మీకు చెప్పలేదు. నాన్న పుట్టాక నానమ్మ దాన్ని ఆయన మొలతాడుకు కట్టింది. తాతయ్యే తెచ్చి ఇచ్చారట, అది తప్ప వేరేది కట్టొద్దన్నారట. ఇన్నాళ్ళూ నాన్న అది మామూలు దిష్టి కాణీ అనుకున్నారు. రెండూ 1943వే అయ్యుంటాయి, మా చేతిలో ఉన్నదాని మీద 1943 స్పష్టంగా ఉంది.

అన్నట్టు కాగితంమనిషి గారూ, లోపల కాణీ ఉంది కాబట్టి ఇప్పుడు తెరవకుండా ఉంచితే ప్రమాదమా?


కాగితంమనిషి:

మంచి ప్రశ్న వేశారు. అది కంచు నాణెం. యుద్ధంలో రాగి ఆదా చేయడానికే మధ్యలో చిల్లు పెట్టారు, బరువు 2 గ్రాములే. అంతకు ముందున్న చిల్లు లేని కాణీ, అంటే పావు అణా, దాదాపు 5 గ్రాములు. తేమ తగిలితే దాని మీద చిలుము పడుతుంది, ఆ పచ్చదనం తగిలిన కాగితం గోధుమ రంగుకు మారి పెళుసెక్కుతుంది. అందుకే అడుగుతున్నాను, కవరు బయట ఆ చోట పచ్చగా గానీ గోధుమ రంగులో గానీ వలయం ఉందా? లేకపోతే 80 ఏళ్ళలో పడనిది ఇప్పుడు ఒక్కరోజులో పడదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, పొట్లాలు నెలకోసారి మార్చండి. కవరును నిలబెట్టకండి, నాణెం బరువుకు మడత చిరుగుతుంది. పడుకోబెట్టే ఉంచండి. ఇలా ఉంచితే తొందరపడాల్సిన పని లేదు.


స్టాంపులపిచ్చి:

అమ్మా, ఆ చిల్లు కాణీలు ఎన్ని వేలు చూశానో, నట్టు కింద వాషరుగా వాడినవాళ్ళను కూడా చూశాను. ఇలాంటి కవరు మాత్రం చూడలేదు. ఎవరైనా కొంటామని వస్తే ఇవ్వకండి. తేదీలు, నంబర్లు రాశారా?


పాతపెట్టె:

రాశామండీ. మొదటి ఆరు నెలల ఉత్తరాలు మన దేశంలోనివే. ఆ తర్వాత ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు మూడుసార్లు మారింది. చివరి కార్డు మీద నంబరు, అంతకు ముందు ఉత్తరం మీద నంబరు ఒకటే. మీరు చెప్పిన పట్టికలున్న ఒక సేకర్తకు పంపాను, జవాబు రావాలి.

బయట వలయం లేదు. కాగితం తెల్లగానే ఉంది, పగలు రెండుసార్లు చూశాను.

వార్ గ్రేవ్స్ జాబితాలో వెతికాం. పేరును ఏడు రకాలుగా కొడితే సిగ్నల్ కోర్‌లో ఇద్దరు వచ్చారు. ఇద్దరూ రంగూన్ మెమోరియల్ మీద ఉన్నారు. ఒకరి తేదీ 1944 మే, ఇంకొకరిది 1945. ఎవరి పక్కనా తండ్రి పేరు లేదు. ఇద్దరిలో ఒకరు కావచ్చు, ఇద్దరూ కాకపోవచ్చు. ఆయన బతికి వచ్చి తాతయ్యకు ఉత్తరం రాయలేదని మాత్రం నాన్న నమ్మడం లేదు. అలాంటి మనిషి కాదు, ఈ 29 ఉత్తరాలు చూడు అంటారు. పేరు ఇక్కడ రాయనన్నది ఇందుకే. ఆ ఇంటివాళ్ళు ఎక్కడో ఉండొచ్చు. ఈ సంగతి వాళ్ళకు మొదటిసారి ఇలా తెలియకూడదు.

కవరు తెరవడం లేదు. ఇది నాన్న నిర్ణయం. రాసింది మా నాన్నే అయినా పైనున్న పేరు ఆయనది, ముందు ఆయన తాలూకు వాళ్ళను వెతుకుదాం అన్నారు. ఇప్పటిమాట గారూ, మీ మాట తప్పనడం లేదు, అది కూడా ఆయనకు చదివి వినిపించాను. వచ్చే ఏప్రిల్ వరకు చూస్తాం. ఎవరూ దొరకకపోతే అప్పుడు మేమే పై అంచున తెరుస్తాం. నోటు పుస్తకాలూ ఉత్తరాలూ వాల్తేరులోని వి.ఎస్. కృష్ణా లైబ్రరీ వాళ్ళు తీసుకుంటారేమో కనుక్కుంటాం. పుస్తకాలు ఆ యూనివర్సిటీలో చెప్పిన పాఠాలే కదా, తిరిగి అక్కడికే చేరతాయి.

అచ్చు కార్డు మీద సంతకం పక్కన ఆయన సర్వీసు నంబరు ఉంది. ఇన్నిసార్లు చూసి కూడా దాన్ని కార్డు నంబరు అనుకున్నాం. వాలు వెలుగులో ఫోటో తీస్తే పూర్తిగా చదవగలిగాం. జబల్పూర్‌లో సిగ్నల్స్ రికార్డ్స్ ఆఫీసు ఉందని తెలిసి, ఆ నంబరు, పేరు, కార్డు ఫోటో పెట్టి నాన్న చేతే దరఖాస్తు రాయించాను. మొన్న సోమవారం స్పీడ్ పోస్టు చేశాం.

పోస్టాఫీసు నుంచి వచ్చాక ఆయన కవరు తీసి గాజు బల్ల మీద పడుకోబెట్టి, తన మొలతాడు కాణీ దాని మీద పెట్టారు. తమ్ముడు కింద నుంచి టార్చి వేశాడు. నాన్న కాణీని మెల్లగా జరుపుతూ పోయారు, రెండు చిల్లులూ ఒకదాని మీదికి ఒకటి వచ్చి వెలుగు సూటిగా పైకి వచ్చేదాకా.

జబల్పూర్ నుంచి జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.